ఇంటికి చేరిన నిద్ర పరీక్ష

షికాగో శివారు నేపర్‌విల్‌లో ఈరోజు ఎవరైనా ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్లి పగలంతా కునికిపాట్లు వస్తున్నాయని చెబితే, మొదట చేతికి వచ్చేది ఎనిమిది ప్రశ్నల కాగితం. తర్వాత వచ్చేది వేలికి తొడుక్కుని, ఛాతీకి పట్టీ కట్టుకుని సొంత మంచం మీదే పడుకోమని ఇచ్చే చిన్న పరికరం. 1980లలో ఇదే ఫిర్యాదుకు దారి వేరు: ఏదో పెద్దాసుపత్రిలో ఒక గది, తల నిండా అతికించిన తీగలు, పక్క గదిలో తెల్లవార్లూ మేలుకుని ఉండే టెక్నీషియన్. ఈ మార్పును శాస్త్ర ప్రగతి అని ఒక్క మాటలో తేల్చేయడం మామూలే. కానీ నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోయే స్లీప్ యాప్నియా ఏమిటో, దాన్ని ఎలా కనిపెట్టాలో, ఎలా ఆపాలో వైద్యులకు 1981కే తెలుసు. తెలిసిన ఆ విద్య ఊళ్లోని మామూలు క్లినిక్‌కు రావడానికి ఇంకో పాతికేళ్లకు పైగా పట్టింది. నిద్ర వైద్యం అసలు చరిత్ర ఆ పాతికేళ్లలోనే ఉందని నా వాదన. కొత్తగా కనుక్కున్న వాటి కంటే, రోగికీ పరీక్షకూ మధ్య దూరం తగ్గించిన పనులే ఎక్కువ మందికి మేలు చేశాయి. దీనికి నేపర్‌విల్ కంటే మంచి సాక్ష్యం దొరకదు. నిద్ర శాస్త్రం పుట్టిన చోటికి ఆ ఊరు కారులో గంట దూరం. అయినా దీపం కింద చీకటి లాగే ఉండిపోయింది.

దూరం గురించిన ఈ తగవు ఆ ఊరికి కొత్త కాదు. అక్కడి ఎడ్వర్డ్ ఆసుపత్రి 1907లో ఎడ్వర్డ్ శానటోరియంగా మొదలైంది. యుడోరా గేలార్డ్ తన భర్త జ్ఞాపకార్థం కట్టించిన క్షయ వైద్యశాల అది. అప్పటి నమ్మకం ప్రకారం క్షయ వచ్చినవాడు కొలరాడో కొండలకో, పొడిగాలి వీచే పడమటి ఎడారులకో పోవాలి. డబ్బున్నవాళ్లు పోయేవారు, లేనివాళ్లు షికాగో ఇరుకు గదుల్లోనే ఉండిపోయేవారు. శానటోరియంను నడిపిన థియోడర్ శాక్స్ రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన యూదు వైద్యుడు. షికాగో యూదు పేటలో క్షయ ఎంత ఉందో పరిశీలించి 1904లో ప్రచురించినవాడు. గాలి, తిండి, విశ్రాంతి సరిగా అందితే ఇల్లినాయ్ మామూలు వాతావరణంలో, ఇంటికి రైలు దూరంలోనే జబ్బు నయం చేయవచ్చని చూపించడమే ఆ శానటోరియం పెట్టుకున్న పని. రోగులకు అక్కడ రాసిచ్చిన మందుల్లో మొదటిది పడక. విశ్రాంతిని అంత పట్టుదలగా అమలు చేసిన చోట కూడా రోగి నిజంగా ఎంతసేపు నిద్రపోతున్నాడో కొలిచే సాధనం ఎవరి దగ్గరా లేదు. (ఇదే ఊళ్లో క్రేలర్ ఫర్నిచర్ కంపెనీ పగలు సోఫాగా, రాత్రి మంచంగా మారే సామానుకు దేశమంతటా పేరు తెచ్చుకుంది. పడకల సరఫరాకు లోటేమీ లేదన్నమాట.) క్షయకు మందులు వచ్చాక శానటోరియం అవసరం తగ్గి, 1955లో అది సాధారణ ఆసుపత్రి అయింది.

కొలత పుట్టింది షికాగో విశ్వవిద్యాలయంలో. కిషినేవ్‌లో పుట్టి 1915లో అమెరికా చేరిన నథానియల్ క్లైట్‌మన్ అక్కడ నిద్రనే తన చదువుగా పెట్టుకున్నాడు. 1938లో ఒక విద్యార్థితో కలిసి కెంటకీలోని మామత్ గుహలో 32 రోజులు ఉండి, శరీరాన్ని 28 గంటల దినచర్యకు అలవాటు చేయగలమా అని తన మీదే చూసుకున్నాడు. ఆయన శిష్యుడు యూజీన్ ఎసెరిన్‌స్కీ ఎవరూ వాడని పాత యంత్రాన్ని బయటికి తీసి, ఎనిమిదేళ్ల కొడుకు కళ్ల దగ్గర తీగలు అంటించి రాత్రంతా గీతలు గీయించాడు. నిద్రలో కళ్లు గబగబా కదిలే దశ ఒకటుందని గురుశిష్యులు 1953లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఒక్క రాత్రికి దాదాపు అర మైలు కాగితం ఖర్చయ్యేది. ఆ కాగితమే తర్వాతి చరిత్రను నిర్ణయించిందని అనిపిస్తుంది. అదే విశ్వవిద్యాలయంలోని అలెన్ రెక్ట్‌షాఫెన్, ఆంథొనీ కేల్స్‌తో కలిసి 1968లో నిద్ర దశలను గుర్తించే ప్రామాణిక గ్రంథం తెచ్చాడు. రాత్రిని 30 సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు ఒక దశ పేరు పెట్టే పద్ధతి దానితో స్థిరపడింది. సెకనుకు సెంటీమీటరు చొప్పున కాగితం కదిలితే ఒక పేజీలో పట్టేది 30 సెకన్లు. కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది, ముక్క మాత్రం ఇంకా 30 సెకన్లదే. ఎనిమిది గంటల నిద్ర అంటే చదివి మార్కులు వేయాల్సిన 960 పేజీలు. ఇంత శ్రమ, ఇంత సామాను, ఇంత శిక్షణ కావలసిన పరీక్ష ప్రయోగశాల గోడల మధ్యే ఉండిపోవడంలో ఆశ్చర్యం లేదు.

1965 సంవత్సరం దగ్గర కాసేపు ఆగాలి. ఆ ఏడు ఫ్రాన్స్‌లో గస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో వేర్వేరుగా నిద్రలో ఊపిరి ఆగిపోవడాన్ని రికార్డు చేసి వివరించారు. అదే ఏడు అమెరికాలో జాక్ గైగర్, కౌంట్ గిబ్సన్ ప్రతిపాదనతో బోస్టన్‌లోని కొలంబియా పాయింట్‌లోనూ, మిసిసిపీలోనూ పేదల కోసం కమ్యూనిటీ హెల్త్ సెంటర్ల ఆలోచనకు ప్రభుత్వ డబ్బు దొరికింది. అదే ఏడు వలస చట్టం మారి భారతీయ ఇంజనీర్లకు, డాక్టర్లకు తలుపు తెరుచుకుంది. మరుసటి ఏడు బెల్ ల్యాబ్స్ నేపర్‌విల్‌లో ఇండియన్ హిల్ కేంద్రం తెరిచింది. పేరులోని ఇండియన్‌కు మనతో సంబంధం లేకపోయినా, తర్వాతి దశాబ్దాల్లో ఆ చుట్టుపక్కల మనవాళ్లు బాగానే చేరారు. 1986 నాటికి పక్కనున్న అరోరాలో వేంకటేశ్వరుడి గుడి వెలిసింది. జబ్బు వివరణ, పేటలోకి దిగివచ్చే క్లినిక్, రాబోయే రోగులు ఒకేసారి బయల్దేరారు గానీ ముగ్గురూ కలుసుకోవడానికి నలభై ఏళ్లు పట్టింది.

మొదట్లో చికిత్స కూడా దూరం పెంచేదే. గొంతు మూసుకుపోతుంటే మెడకు రంధ్రం చేయడం తప్ప మార్గం ఉండేది కాదు. ప్రాణం మీదికి వచ్చినవాడే దానికి ఒప్పుకునేవాడు. సిడ్నీలో కోలిన్ సలివన్ ముక్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతును తెరిచి ఉంచవచ్చని 1981లో లాన్సెట్‌లో ప్రకటించాడు. ఈనాటి సీప్యాప్ యంత్రం అదే. మందు దొరికింది కాబట్టి రోగుల్ని వెతకాలి. 1993లో విస్కాన్సిన్ రాష్ట్ర ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనం, 30 నుంచి 60 ఏళ్ల మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 9 శాతం మందికి నిద్రలో ఊపిరికి అంతరాయం కలుగుతోందని చెప్పింది. పగటి మగత కూడా తోడైనవారు 4, 2 శాతం. అరుదైన వింతజబ్బు అనుకున్నది ప్రతి వీధిలోనూ ఉందని తేలింది. పరీక్షకు కావలసిన మంచాలు మాత్రం ఆసుపత్రుల్లో చాలా తక్కువే ఉన్నాయి. ఆ మంచాల ప్రమాణాలు చూసేందుకు 1975లో ఏర్పడిన సంఘమే ఇప్పటి అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్. దాని కార్యాలయం ఇప్పుడు నేపర్‌విల్ ఉన్న డూపేజ్ కౌంటీలోనే, డేరియన్‌లో ఉంది. ప్రమాణాలు పెట్టడం తప్పని నేను అనను. అడ్డదిడ్డంగా పరీక్షలు చేస్తే మొదట నష్టపోయేది రోగే. అయితే నాణ్యతను కాపాడిన ఆ గోడే కొరతనూ కాపాడింది.

గోడలో సందు చేసినవి పెద్ద ఆవిష్కరణలేమీ కావు. మెల్‌బోర్న్‌లో మర్రే జాన్స్ 1991లో పగటి మగతను కొలవడానికి తయారుచేసిన ఎప్‌వర్త్ ప్రశ్నపత్రం, టొరంటోలో ఫ్రాన్సిస్ చుంగ్ బృందం 2008లో ఇచ్చిన స్టాప్ బ్యాంగ్ అనే ఎనిమిది ప్రశ్నల జాబితా, అదే ఏడాది ఇంటి పరీక్ష ఆధారంగా కూడా సీప్యాప్‌కు డబ్బు చెల్లిస్తామన్న మెడికేర్ (వృద్ధులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) నిర్ణయం. మూడూ కాగితం మీది పనులే. మెడికేర్ వెనకే ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీలూ నడిచాయి. వాళ్లను నడిపించింది కరుణ కాదు, ఇంటి పరీక్ష చవక కావడమే. కారణం ఏదైతేనేం, ఊపిరి ఆగుతోందా లేదా అన్నది తెలుసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రి గడపాల్సిన అవసరం చాలామందికి తప్పింది. ఇన్సూరెన్స్ లేని తక్కువ ఆదాయం వాళ్లను డాక్టర్లతో కలిపేందుకు డూపేజ్ కౌంటీలో 2001లోనే యాక్సెస్ డూపేజ్ అనే ఏర్పాటు మొదలైంది. అలాంటి రోగిని ప్రయోగశాలకు పంపడం ఒక ఎత్తు, ఇంటికి డబ్బా ఇచ్చి పంపడం ఇంకో ఎత్తు.

ఇంటి పరీక్షకు గట్టి అభ్యంతరాలున్నాయి. ఇంటి పరికరానికి మెదడు తరంగాలు తెలియవు కాబట్టి మనిషి ఎప్పుడు నిద్రపోయాడో దానికి తెలియదు. ఊపిరి ఆగిన సంఖ్యను పడుకున్న మొత్తం సమయంతో భాగిస్తుంది. రెండు గంటలు అటూ ఇటూ దొర్లినవాడి లెక్క తప్పకుండా తగ్గిపోతుంది. అందుకే ఇంటి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా అనుమానం తీరకపోతే ప్రయోగశాలకే పంపమని అకాడమీ మార్గదర్శకాలు చెబుతాయి. తీవ్రమైన గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారిని మొదటే అక్కడికి పంపాలంటాయి. ఇది సరైన మాటే. కానీ ఇంటి దారి మొత్తంగా నాసిరకం అన్న వాదన పరీక్షలకు నిలవలేదు. దక్షిణ ఆస్ట్రేలియాలో 155 మంది రోగులను రెండుగా విడదీసి, ఒక సగాన్ని శిక్షణ పొందిన మామూలు డాక్టర్లు, నర్సులు చూడగా, మిగతా సగాన్ని నిద్ర నిపుణులు చూశారు. ఆరు నెలలకు పగటి మగత రెండు చోట్లా ఒకేలా తగ్గిందని 2013లో ప్రచురితమైంది. జబ్బు ముదిరి, లక్షణాలు స్పష్టంగా ఉన్నవాళ్లకు నిపుణుడి గది తప్పనిసరి కాదని దానర్థం.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది: దగ్గరకు తెచ్చారు సరే, దగ్గరకు తెచ్చినది పనిచేస్తుందా? 2016లో వచ్చిన సేవ్ అధ్యయనంలో 2,717 మంది గుండె, మెదడు రక్తనాళాల జబ్బుల రోగులు పాల్గొన్నారు. సీప్యాప్ ఇచ్చినా కొత్త గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. ఏ లక్షణమూ లేనివాళ్లందరినీ వెతికి పరీక్షించడానికి తగిన ఆధారాలు లేవని అమెరికా ప్రభుత్వ నివారణ వైద్య నిపుణుల బృందం 2017లోనూ, మళ్లీ 2022లోనూ తేల్చింది. గుడిలో శిబిరం పెట్టి వచ్చినవారందరి వేళ్లకూ పరికరాలు తొడగాలనుకునే ఉత్సాహవంతులు ఇది గుర్తుంచుకోవాలి. అయితే సేవ్ రోగులు యంత్రం వాడింది రాత్రికి సగటున 3.3 గంటలే. మెడికేర్ డబ్బు కొనసాగించడానికి అడిగే కనీసం రాత్రికి నాలుగు గంటలు, అదీ పదిలో ఏడు రాత్రులు. ఆ కనీసం కంటే తక్కువే వాడారు. ముక్కుకు తొడుగు పెట్టుకుని పడుకోవడం అలవాటు కావాలంటే మొదటి వారాల్లో ఎవరో ఒకరు పలకరించాలి, తొడుగు మార్చాలి, గొంతు ఎండుతోందంటే తేమ పెంచాలి. ఆ పని దూరంగా ఉన్న నిపుణుడి వల్ల అయ్యేది కాదు. అభ్యంతరం చివరికి నా వాదన వైపే ఒరుగుతోంది.

కాగితం దగ్గరకు వచ్చినంత మాత్రాన మనిషికి సరిపోతుందని లేదు. స్టాప్ బ్యాంగ్ జాబితాలో బరువుకు గీసిన గీత బీఎంఐ 35. అయిదడుగుల ఆరంగుళాల మగవాడు ఆ గీత దాటాలంటే దాదాపు 99 కిలోలు ఉండాలి. ఆసియా వాసుల్లో ప్రమాదం 23 దగ్గరే మొదలై 27.5 దగ్గర బాగా పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే చెప్పారు. బొజ్జ ఉన్నా లావు కనిపించని తెలుగు ఇంజనీరు ఆ ప్రశ్నకు నిజాయితీగా లేదని రాసి, ఒక మార్కు పోగొట్టుకుంటాడు. ఎప్‌వర్త్ కాగితానిది ఇంకో రకం తంటా. మధ్యాహ్నం పడుకుంటే నిద్ర పట్టేస్తుందా అని అడుగుతుంది. జీవితమంతా భోజనం చేశాక నడుం వాల్చిన అలవాటున్న గుంటూరు పెద్దాయన పూర్తి మార్కులు వేసుకుంటాడు. సిగ్నల్ దగ్గర కారు ఆగితే కునుకు వస్తుందా అన్న ప్రశ్న, కొడుకు కారులో వెనక సీటు తప్ప ఎరగని ఆయనకు ఊహించి రాసేదే అవుతుంది. పైగా ఆయన గురక గురించి చెప్పగలిగిన ఒకే ఒక సాక్షి భార్య. ఆమె దాన్ని గాఢనిద్ర కిందే జమ కట్టి ఉంటుంది. ఈ లోపాలు తెలిసిన డాక్టర్ కాగితం పక్కన పెట్టి నాలుగు మాటలు అడుగుతాడు. తెలియని డాక్టర్ మార్కులు కూడి పంపేస్తాడు.

నిద్రలేమి సంగతి వచ్చేసరికి ఈ చరిత్ర ఇంకా మొదటి అధ్యాయంలోనే ఉంది. అది కూడా షికాగో పక్కనే మొదలైంది. ఇవాన్‌స్టన్‌లోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ బూట్‌జిన్ 1972లో, నిద్ర రానప్పుడు మంచం దిగాలనీ, నిద్ర ముంచుకొస్తేనే మంచం ఎక్కాలనీ చెప్పే పద్ధతి ప్రతిపాదించాడు. దాని చుట్టూ పెరిగిన మాటల చికిత్సనే నిద్రమాత్రల కంటే ముందు ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. ప్రతిపాదనకూ సిఫారసుకూ మధ్య 44 ఏళ్లు. దీనికి తీగలు అక్కర్లేదు, మంచం అద్దె అక్కర్లేదు, యంత్రం అసలే అక్కర్లేదు. కొన్ని వారాల పాటు రోగి నిద్ర డైరీ చదివి, అతనికి వచ్చిన భాషలో మాట్లాడే మనిషి ఒకరు కావాలి. హైదరాబాద్ టీమ్‌తో రాత్రి పదింటికి ఫోన్ మీటింగ్ ముగించుకుని ఒంటిగంట దాకా పైకప్పు చూసేవాడికైనా, మనవడి కోసం వచ్చి ఆరు నెలలు ఉండి పగలూ రాత్రీ తారుమారైన నాయనమ్మకైనా అవసరమైంది అదే. నిద్రమాత్ర చీటీ అయిదు నిమిషాల్లో రాసిచ్చేయవచ్చు, దానికి ఇన్సూరెన్స్ కూడా పెద్దగా అడ్డం చెప్పదు. పోస్టులో పంపడానికి డబ్బా లేని ఈ చికిత్సను క్లినిక్ దాకా ఎవరు, ఎవరి ఖర్చుతో తెస్తారన్నది డూపేజ్ కౌంటీలోనూ ఇంకా తేలలేదు.