పేరు లేని గాజు గిన్నె – దాని పుట్టుపూర్వోత్తరాలు

మన ఇళ్లలో షోకేసు పై అరలోనో, అటక మీది ట్రంకు పెట్టెలోనో పాతకాలపు గాజు గిన్నె ఒకటి ఉండనే ఉంటుంది. పండుగనాడు షీర్ ఖుర్మా పోయడానికి దించుతారు, మర్నాడు కడిగి మళ్లీ పైన పెట్టేస్తారు. అది ఎక్కడిది, ఎవరు చేశారు అని అడిగితే మాత్రం ఇంట్లో ఎవరూ చెప్పలేరు.

మాకు తెలిసిన ఒక కుటుంబములో దాదీమా కాలంనాటి పంచదార గిన్నె ఉన్నది. పాత సామాన్లు కొనేవాడొకడు దాన్ని చూసి "ఇది అసలు బెల్జియం కట్ గ్లాసు" అన్నాడట. ఇంకొకడు తిరగేసి చూసి, "అడుగున ముద్ర లేదు, చిల్లర సరుకు" అని తేల్చిపారేశాడట. ఇద్దరూ తొందరపడ్డారు. ముద్ర లేకపోయినా గాజు తన సంగతి తాను కొంత చెప్పుకుంటుంది. ఆ భాష మనము కొంచెం నేర్చుకోవాలి, అంతే.

ఇటువంటి గిన్నెల్లో ఎక్కువ భాగం అచ్చు గాజు, అనగా ప్రెస్డ్ గ్లాసు. కరిగిన గాజు ముద్దను లోహపు అచ్చులో వేసి పైనుంచి ప్లంజరుతో నొక్కుతారు. బయటి నగిషీ అచ్చు వల్ల, లోపలి గుల్ల ప్లంజరు వల్ల ఏర్పడుతుంది. ఈ పద్ధతి 1820ల అమెరికాలో పెద్ద ఎత్తున మొదలైనది. 1825లో పిట్స్‌బర్గ్‌కు చెందిన బేక్‌వెల్ అనే ఆయన బీరువాలకు, సొరుగులకు వేసే గాజు పిడులను ఇలా నొక్కి చేయడానికి పేటెంటు పొందాడు. అదే ఏడాది డెమింగ్ జార్వెస్ మసాచుసెట్స్‌లోని శాండ్‌విచ్ గ్రామంలో గాజు కార్ఖానా పెట్టాడు. నొక్కి చేసిన గాజు చూడగానే ఊదే పనివాళ్లు తమ కూడు పోతుందని మండిపడ్డారనీ, వాళ్లకు భయపడి కొన్ని వారాలు దాక్కోవలసి వచ్చిందనీ జార్వెసే తరువాత చెప్పుకున్నాడు. పనివాళ్ల భయం ఊరికే పోలేదు. అయితే అంతవరకు ధనవంతుల బల్ల మీదే మెరిసిన నగిషీ గాజు సామాన్యుడి ఇంటికి వచ్చింది కూడా ఆ అచ్చు వల్లనే.

1864లో వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో విలియం లేటన్ సీసం అక్కరలేకుండా సోడా, సున్నములతో తేటగా ఉండే చవక గాజును తయారు చేశాడు. దానితో ధరలు ఇంకా దిగివచ్చాయి. ఆనాటి అమెరికా కార్ఖానాలలో చాలావరకు సరుకు మీద పేరు వేయలేదు. ఇంగ్లండులో రిజిస్టరైన డిజైన్లకు 1842 నుంచి 1883 వరకు డైమండు ఆకారపు గుర్తు, 1884 నుంచి నెంబరు ఉండేవి. గేట్స్‌హెడ్‌లోని సోవర్‌బీ కంపెనీ 1876లో నెమలి తలను తన ముద్రగా రిజిస్టరు చేసుకుంది. కాని డైమండు గుర్తు గాని, నెంబరు గాని చెప్పేది డిజైను రిజిస్టరైన కాలమే. గిన్నె తయారైన సంవత్సరము అది కాదు.

ఇక ముద్ర లేని గిన్నెను ఎలా పరీక్షించాలో చూద్దాము.

మొదట వేలితో నగిషీ అంచులు తడమండి. చక్రం మీద కోసిన కట్ గ్లాసు అంచు చురుగ్గా తగులుతుంది. అచ్చు గాజు అంచు కాస్త మొద్దుగా, గుండ్రంగా ఉంటుంది.

రెండవది, లోపలికి చెయ్యి పెట్టి చూడండి. అచ్చులోకి ఊదిన గాజయితే బయట ఉబ్బిన చోట లోపల పల్లం తగులుతుంది. నొక్కిన గాజయితే బయట ఎంత నగిషీ ఉన్నా లోపల నున్నగా ఉంటుంది.

మూడవది, అచ్చు ముక్కలు కలిసిన చోట పడే సన్నని అతుకు గీతలు. కొన్ని నగిషీలో దాగి ఉంటాయి. వెలుతురుకు ఎదురుగా తిప్పితే బయటపడతాయి.

నాలుగవది, అడుగు అరుగుదల. ఏళ్లతరబడి బల్ల మీద జరిగిన గిన్నెకు, అది ఆనే చోట మాత్రమే, అన్ని దిక్కులకూ సన్నని గీతలు పడతాయి. ఒకే దిక్కుగా వరుసగా ఉన్నాయంటే గరుకు కాగితంతో రుద్దారేమో అనుమానించండి.

ఐదవది, నోట్లు పరీక్షించే అల్ట్రావయొలెట్ లైటు. చీకట్లో దాని కింద గాజు గాఢమైన ఆకుపచ్చగా వెలిగితే అందులో యురేనియం కలిసినట్లు. మాంగనీసు కలిసిన గాజు కూడా మసకగా పచ్చగా కనిపిస్తుంది గనుక తొందరపడి తీర్పు చెప్పకూడదు.

ఇవన్నీ తయారైన పద్ధతిని చెబుతాయి, వయస్సును కొంత సూచిస్తాయి. చేసినవారి పేరు చెప్పేది నగిషీయే. దాన్ని పాత కార్ఖానా కేటలాగులతో పోల్చాలి. అమెరికాలో రూత్ వెబ్ లీ 1931లో ఇటువంటి నగిషీలను పుస్తకంగా వర్గీకరించారు. ఒక ఉదాహరణ చెబుతాము. దున్నపోతు, దుంగల ఇల్లు, మూత మీద మోకాలిపై కూర్చున్న ఆదివాసి బొమ్మ ఉన్న పాత్రలను సేకరణకర్తలు "వెస్ట్‌వర్డ్ హో" అంటారు. 1870ల చివరలో ఫిలడెల్ఫియాలోని గిల్లిండర్ కంపెనీ వాటిని చేసినప్పుడు పెట్టిన పేరు "పయొనీర్". తరువాతి కాలంలో దానికి నకళ్లూ వచ్చాయి. పైగా 1891లో అనేక కార్ఖానాలు కలిసి యునైటెడ్ స్టేట్స్ గ్లాస్ కంపెనీగా ఏర్పడినప్పుడు పాత అచ్చులు కూడా కొత్త యజమాని చేతికి వచ్చాయి. కనుక నగిషీ ఒకటే అయినా చేసినవారు ఒకరే అనుకోరాదు.

పాతదంతా విదేశీ సరుకని కూడా భ్రమపడవద్దు. ఫిరోజాబాద్‌లో తయారైన కొన్ని అచ్చు గాజు గ్లాసులకు "జైన్" అన్న పేరు గాజులోనే కనిపిస్తుంది.

మళ్లీ ఆ పంచదార గిన్నె దగ్గరికి వద్దాము. అంచులు మొద్దుగా ఉన్నాయి, లోపల నున్నగా ఉంది, పిడి కింద అతుకు గీత దొరికింది, అడుగున నిజమైన అరుగుదల ఉంది. కట్ గ్లాసు కాదు, నిన్నమొన్నటి సరుకూ కాదు. "చాలాకాలం వాడిన అచ్చు గాజు, చేసినవారెవరో తేలలేదు" అని రాసి ఇచ్చాము. ఇంటివాళ్లకు కొంత నిరాశ కలిగినా, అబద్ధపు పెద్ద పేరు కన్నా నిజమైన చిన్నమాట మేలు గదా!

చివరగా పాఠకులకు మా మనవి ఒకటే. మీ ఇంటి పెద్దలు ఉండగానే అడిగి, ఆ గిన్నె ఎవరి పెళ్లికి వచ్చిందో, ఏ ఊళ్లో కొన్నారో ఒక చీటీ మీద రాసి అందులోనే పెట్టండి. గాజు తన పుట్టుకను కొంత చెప్పగలదు గాని, మీ ఇంటికి వచ్చిన దారి దానికి తెలియదు.