రిజ్ అహ్మద్, మన నాజర్: తిట్టును తలెత్తి మోసిన ఇద్దరు ఫన్‌కార్లు



'పింజారి' అన్న మాట తెలుగునాట తిట్టుగా చలామణీ అవుతోంది. అసలు దాని మతలబ్ దూది ఏకి, పరుపులు కుట్టి, హలాల్ రోజీ సంపాదించుకునే మెహనతీ మనిషి. మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు దూదేకుల ఖాందాన్‌లకు ఈ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లండ్‌లో కూడా మనలాంటి వాళ్ళ మీదికి విసిరే మాట ఒకటుంది: 'పాకీ'. పాకిస్తానీవా, హిందుస్తానీవా, బంగ్లాదేశీవా అని ఎవరూ అడగరు. చర్మం రంగు చూసి విసిరేస్తారు.

ఈ రెండు తిట్ల మధ్య పెరిగిన ఇద్దరి తారీఖ్ ఇవాళ చెప్పుకుందాం. ఒకరు లండన్ ర్యాపర్‌గా మొదలై హాలీవుడ్ నటుడైన రిజ్ అహ్మద్. ఇంకొకరు మన గుంటూరు జిల్లా బుర్రకథ నాజర్. సంగీతం జాయజా కాదా అన్న బహస్ ఉలమాలకు వదిలేస్తున్నాను. నా సవాల్ వేరు. మన కిస్సా ఎవరో చెబుతుంటే వింటూ కూర్చోవాలా, మనమే చెప్పుకోవాలా?

రిజ్ పూర్తి పేరు రిజ్వాన్ అహ్మద్. 1982 డిసెంబర్ 1న లండన్ దగ్గరి వెంబ్లీలో పుట్టాడు. వాలిదైన్ 1970లలో కరాచీ నుంచి వెళ్ళినవాళ్ళు. వాళ్ళ ఖాందాన్ మూలాలు మన దేశంలోనే, ఉత్తరప్రదేశ్‌లో ఉన్నాయి. తక్సీమ్ తర్వాత సరిహద్దు దాటిన ముహాజిర్లు. అంటే ఆ ఇంట్లో రెండు తరాల్లో రెండు హిజ్రత్‌లు జరిగాయి.

రిజ్ చిన్నగా ఉన్నప్పుడు గుండు కొట్టించుకుని తిరిగే తెల్ల గూండా ఒకడు దారిలో ఆపి, వాళ్ళ అన్న గొంతు మీద కత్తి పెట్టాడట. పెద్దయ్యాక ఆయనే రాసుకున్నాడు. అలాంటి గల్లీల నుంచి స్కాలర్‌షిప్ మీద మంచి స్కూలుకు, అక్కడి నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్ళాడు. ఫల్సఫా, సియాసత్, ఆర్థికశాస్త్రం చదివాడు. తర్వాత లండన్‌లో నటనలో తాలీమ్ తీసుకున్నాడు. కానీ స్కూలు రోజుల నుంచే ఆయన అసలు ఇష్క్ ర్యాప్. తాళం మీద మాటలు పరుగెత్తించే ఆ కళలో ఆయన పేరు 'రిజ్ ఎంసీ'.

2006లో ఆయన మొదటి సినిమా 'ది రోడ్ టు గ్వాంటనామో' వచ్చింది. ఇంగ్లండ్‌లోని టిప్టన్ ఊరి ముస్లిం కుర్రాళ్ళు ముగ్గురిని అమెరికా ఏ ఇల్జామ్ మోపకుండా రెండేళ్ళకు పైగా గ్వాంటనామో ఖైదులో పెట్టిన నిజమైన వాకయా అది. బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఆ సినిమా డైరెక్టర్లకు సిల్వర్ బేర్ ఇనామ్ దక్కింది. ఆ ఖుషీతో ఇంటికి తిరిగొస్తుంటే లూటన్ ఎయిర్‌పోర్ట్‌లో రిజ్‌ను పక్కకు తీసుకెళ్ళి ప్రశ్నించారు. ముస్లింల పోరాటం కోసమే నటుడివయ్యావా అని అడిగారని ఆయన చెప్పాడు. తెర మీద బేగునాహ్ ఖైదీ వేషం వేసినవాడికి తెర బయట అదే తజుర్బా!

అదే ఏడాది ఆయన 'పోస్ట్ 9/11 బ్లూస్' అనే ర్యాప్ విడుదల చేశాడు. 9/11 తర్వాత ముస్లిం కుర్రాడి మీద పడే అనుమానపు చూపుల మీద నవ్వుతూ వేసిన తన్జ్ అది. రాజకీయంగా నాజూకు విషయమని మొదట రేడియోల్లో వేయలేదు. నోరు మూయించబోతే పేరు ఇంకా పెరిగింది.

2016లో రాసిన ఒక మజ్మూన్‌లో రిజ్ మన రంగు నటుల సఫర్‌ను మూడు మంజిళ్ళుగా విడదీశాడు. మొదటిది, టెర్రరిస్టు, టాక్సీ డ్రైవర్, మూల దుకాణం భాయ్ వేషాలు. రెండోది, ఆ మూస పాత్రలనే లోపలి నుంచి తిరగేసే కథలు. మూడోది, మజ్హబ్‌తో, రంగుతో పని లేకుండా ఇన్సాన్‌ను ఇన్సాన్‌గా చూపే పాత్ర. ఎయిర్‌పోర్ట్ గది, ఆడిషన్ గది రెండూ ఒకేలా ఉంటాయని కూడా అన్నాడు. రెండు చోట్లా నువ్వెవరో నీకంటే ముందే వాళ్ళు నిర్ణయించేసి ఉంటారు.

ఆయన కెరీర్ కూడా ఆ మెట్ల మీదుగానే నడిచింది. 'ఫోర్ లయన్స్' (2010), 'ది రిలక్టెంట్ ఫండమెంటలిస్ట్' (2012) రెండో మంజిల్ సినిమాలు. టీవీ సీరియల్ 'ది నైట్ ఆఫ్'లో ఖూనీ కేసులో ఇరుక్కున్న కాలేజీ కుర్రాడి పాత్రకు 2017లో ఎమ్మీ వచ్చింది. 'సౌండ్ ఆఫ్ మెటల్'లో వినికిడి పోగొట్టుకునే డ్రమ్మర్‌గా చేశాడు. ఆ పాత్రకు ఏ మజ్హబ్ చీటీ లేదు. దానికే 2021లో ఉత్తమ నటుడి ఆస్కార్‌కు నామినేట్ అయ్యాడు. ఆ కేటగిరీలో మొదటి ముస్లిం ఆయనేనని అఖ్‌బార్లు రాశాయి. 2022లో 'ది లాంగ్ గుడ్‌బై' షార్ట్ ఫిల్మ్‌కు ఆస్కార్ చేతికే వచ్చింది. షాదీ హడావిడిలో ఉన్న ఇంటి మీదికి జాత్యహంకారుల మూక వచ్చిపడే కథ అది.

నాకు మాత్రం 'మొగల్ మోగ్లీ' (2020) దగ్గరగా అనిపిస్తుంది. అందులో ర్యాపర్ 'జెడ్' జబ్బుపడి అమ్మానాన్నల ఇంటికి చేరతాడు. అతని అసలు పేరు జహీర్. తండ్రి గుండెలో తక్సీమ్ నాటి రైలు, చెవిలో కవ్వాలీ. ఏ.ఎస్.పేటలో నాయబ్ రసూల్ ఉర్స్‌కు వెళ్ళి కవ్వాలీ విన్నవాళ్ళకు ఆ సినిమా పరాయిగా తోచదు.

ఇక మన నాజర్ దగ్గరికి వద్దాం. షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో గరీబ్ దూదేకుల ఇంట్లో పుట్టారు. రిజ్ పాట నుంచి నటనకు వెళితే, ఈయన కుర్రతనంలో నాటకాల్లో స్త్రీ పాత్రలు వేసి, అక్కడి నుంచి బుర్రకథకు వచ్చారు. ప్రజా నాట్యమండలిలో చేరి ఊరూరా తిరిగారు. బెంగాల్ కహత్, పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు ఆయన చెప్పిన కథల్లో కొన్ని. సినిమాల్లోనూ ఆయన బుర్రకథ వినిపించింది.

బుర్రకథలో నడుమ తంబురా పట్టిన కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. ఒక వంత హాస్యం చెబుతాడు. ఇంకొక వంత కథను ఆపి, ఇవాళ్టి సియాసత్ మీద ప్రశ్న వేస్తాడు. తాళం, వేగం, నవ్వు, హుకూమత్‌కు చురక. ర్యాప్‌లో ఉన్నదంతా ఇందులో లేదా? అందుకే అటు మద్రాసులో బ్రిటిష్ సర్కార్, ఇటు హైదరాబాద్‌లో నిజాం సర్కార్ బుర్రకథ మీద పాబందీ పెట్టాయి.

పల్నాటి వీరుల కథ ఒక ముస్లిం చెబుతుంటే తెలుగు పల్లెలు రాత్రంతా కూర్చుని విన్నాయి. రిజ్ చెప్పిన మూడో మంజిల్‌కు నాజర్ సాహెబ్ ఎప్పుడో చేరుకున్నారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో ఇంతకాల్ అయ్యారు. అంత షోహ్రత్ వచ్చాక కూడా ఆయన తన ఆత్మకథకు పెట్టుకున్న పేరేమిటి? 'పింజారి'. దాచుకోమన్న మాటను అట్ట మీద అచ్చు వేయించారు.

మరి ఇవాళ మన హాల్ ఏమిటి? పట్నంలో గది అద్దెకు వెళ్ళిన మన పిల్లలు పూర్తి పేరు చెప్పడానికి తటపటాయిస్తున్నారు. ఏ.ఎస్.పేట హజ్రత్ పేరు మీద పెట్టుకున్న రహ్మతుల్లా కాలేజీకి వెళ్ళేసరికి 'రాము' అవుతున్నాడు. సినిమాల సంగతి చూద్దామా? రిజ్ పేరు మీద ఒక పరీక్ష ఉంది, 'రిజ్ టెస్ట్'. ముస్లిం పాత్ర టెర్రరిజంతో ముడిపడిందా? కారణం లేకుండా కోపిష్టా? మూఢనమ్మకాల మనిషా? పాశ్చాత్య జీవన విధానానికి ముప్పుగా చూపారా? మగైతే ఆడవాళ్ళను అణిచేవాడా, ఆడదైతే అణిగి ఉండేదా? ఒక్కదానికి 'అవును' అన్నా సినిమా ఫెయిల్. ఈ ఐదు ప్రశ్నలు దగ్గర పెట్టుకుని ఇంటిల్లిపాదీ నాలుగు తెలుగు సినిమాలు చూడండి. బాంబు పెట్టేవాడు, హీరో కోసం ప్రాణమిచ్చే రహీమ్ భాయ్, దర్గా దగ్గర తాయెత్తు కట్టే బాబా. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే మన బహెన్లు ఆ తెర మీద ఎక్కడైనా కనిపిస్తారేమో వెతకండి.

మన పిల్లలందరూ ర్యాపర్లో, నటులో కావాలని నేననడం లేదు. వకీల్ కానీ, టీచర్ కానీ, దర్జీ కానీ, ఇంట్లో మాత్రం ఈ ఇద్దరి కిస్సా చెప్పండి. రేపు ఎవరైనా పేరు అడిగితే సగం మింగకుండా పూర్తిగా చెప్పే హిమ్మత్ వాళ్ళకు అల్లాహ్ ఇవ్వాలని నా దువా. ఆమీన్.