సైనిక విమాన సిబ్బంది సమన్వయ శిక్షణ: ఫలితాన్ని కొలిచే పద్ధతుల పరిణామం

విమాన సిబ్బంది పని పంచుకుని, సందేహాన్ని సంకోచం లేకుండా చెప్పి, ఒకరి పొరపాటును మరొకరు సరిదిద్దేలా తీర్చిదిద్దే శిక్షణను క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్, క్లుప్తంగా సీఆర్‌ఎం, అంటారు. దీని మూలాలు పౌర విమానయానంలో ఉన్నాయి. 1972 డిసెంబరులో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమాన సిబ్బంది ముందు చక్రాన్ని సూచించే బల్బు వెలగకపోవడంతో దానిపైనే దృష్టి పెట్టారు. ఎత్తు తగ్గుతున్న సంగతి గమనించేలోపే విమానం ఫ్లోరిడా చిత్తడి నేలల్లో కూలింది. 1978లో పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173 విమానం ఇంధనం అయిపోయి కూలిపోయింది. ఇంధనం తగ్గుతోందని ఇతర సిబ్బందికి తెలిసినా కెప్టెన్‌కు గట్టిగా చెప్పలేకపోయారు. 1979లో నాసా నిర్వహించిన సదస్సు తర్వాత, 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఈ శిక్షణను ప్రారంభించింది. క్రమంగా అమెరికా సాయుధ దళాలూ దీన్ని స్వీకరించాయి. పై హోదావారిని ప్రశ్నించడం కష్టమైన సైన్యంలో దీని అవసరం మరింత ఎక్కువ.

శిక్షణ నిజంగా పనిచేస్తోందా అన్నది తేల్చడం అంత సులువు కాదు. 1959లో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ సూచించిన నాలుగు మెట్లు ఇందుకు ఆధారమయ్యాయి: నచ్చిందా, నేర్చుకున్నారా, ప్రవర్తన మారిందా, సంస్థకు మేలు జరిగిందా. తొలి అంచనాలు ఎక్కువగా శిక్షణ నచ్చిందా, వైఖరి మారిందా అన్నవాటికే పరిమితమయ్యాయి. 1984లో రాబర్ట్ హెల్మ్‌రైక్ రూపొందించిన కాక్‌పిట్ వైఖరుల ప్రశ్నావళి ఇందుకు బాగా ఉపయోగపడింది. అయితే కాగితం మీద సరైన జవాబు రాసినవారు ఆపదలోనూ అలాగే నడుచుకుంటారన్న హామీ లేదు.

ఆ లోటు తీర్చడానికి సైనిక సిబ్బంది కోసం టార్గెట్స్ పద్ధతి వచ్చింది. 1994లో దీన్ని ప్రచురించారు. సిమ్యులేటర్ శిక్షణలో ముందే రాసుకున్న సంఘటనలు ఒక్కొక్కటిగా ఎదురవుతాయి. ఉదాహరణకు, రేడియోలో తప్పు దిశ వినిపిస్తే ఎవరైనా ప్రశ్నించారా, కెప్టెన్ ఆ మాట విన్నాడా అని పరిశీలకుడు చూస్తాడు. ఆశించిన చర్య కనిపించిందా లేదా అని మాత్రమే నమోదు చేస్తాడు. దీనివల్ల వ్యక్తిగత అభిప్రాయానికి తావు తగ్గింది.

2001లో పరిశోధకుడు ఎడ్వర్డో సాలస్ బృందం సీఆర్‌ఎం శిక్షణపై 58 అధ్యయనాలను సమీక్షించింది. శిక్షణ పట్ల ఆదరణ ఉందని, నేర్చుకోవడం, ప్రవర్తనలలో సాధారణంగా మేలు కనిపించిందని తేల్చింది. కానీ భద్రతపై దాని అంతిమ ప్రభావాన్ని నిర్ధారించలేకపోయింది. ప్రమాదాలు అరుదు కావడం, విమానాలు, నిబంధనలు కూడా మారుతూ ఉండటం వల్ల కారణాన్ని విడదీయడం కష్టం.

కాక్‌పిట్‌ను మాత్రమే కొలిస్తే సరిపోదని 1994 జూన్ 24న అమెరికాలోని ఫెయిర్‌చైల్డ్ వైమానిక స్థావరంలో నలుగురు అధికారులను బలిగొన్న బీ-52 బాంబర్ విమాన ప్రమాదం చూపింది. ఆ విమానాన్ని నడిపిన పైలట్ అంతకుముందూ నిబంధనలు మీరిన సంగతి పై అధికారులకు తెలిసినా అడ్డుకోలేదు. అందుకే సిబ్బంది ప్రవర్తనతో పాటు, హెచ్చరికను వినే నాయకత్వం ఉందా అన్నదీ మూల్యాంకనంలో భాగం కావాలి.