పండు, పఴము: ఒక ఇంటి మాటలు



మా వెంగల్‌లో ఇంట తెలుగు, అంగడిలో తమిళము. రైల్వేలో మామిడిబుట్టలకు చీటీలు వ్రాసే గుమాస్తా పని మాది. ఒకనాడు మా అబ్బాయి బడినుంచి వచ్చి, "నాయనా, పండు అంటే అందరూ నవ్వినారు. పఴం అనాలంట. మన మాట తప్పా?" అని అడిగినాడు. ఆనాటినుంచి వాడు పండు అనడమే మానినాడు. జవాబు కోసం వెదకగా దొరికిన సంగతులు మనవి చేస్తున్నాము.

దక్షిణాది భాషలు ఒక కుటుంబమని 1816లో ఎల్లిస్ దొర, క్యాంబెల్ తెలుగు వ్యాకరణపు పీఠికలో చూపినాడు. రాయపురమునుంచి వాలాజాకు మొదటి రైలు నడిచిన 1856లోనే కాల్డ్వెల్ ద్రావిడభాషా వ్యాకరణము వెలువడినది. బరో, ఎమెనోల నిఘంటువు, భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతువుల గ్రంథము రెండూ 1961 నాటివి.

ఇట్టి పండితులు మూలధాతువు 'పఴ్' అని తేల్చినారు. పక్వమగుట అని దాని అర్థము. ఏ వ్రాతలోనూ దొరకక, పోలికవల్ల ఊహించిన రూపము గనుక ముందు నక్షత్రపు గుర్తు పెడతారు. రష్యనుల యాబ్లొకో, చెకుల యాబ్ల్‌కో పోల్చి ఆపిలుకు స్లావుల మూలపదము కట్టినదీ ఈ పద్ధతిలోనే.

'పఴ్'కు 'అమ్' చేరితే తమిళ పఴమ్. 'న్దు' వంటి ప్రత్యయము చేరితే మన పండు. దీనికి సాక్ష్యము తుళువారి పర్ందు. అక్కడ ఴకారము రేఫమైనది, ప్రత్యయము నిలిచినది. పాత కన్నడపు పణ్ నేడు హణ్ణు. ఴకారము మనకూ ఉండేది. ప్రాచీన శాసనాలలో దానికి వేరే అక్షరమే కలదు. తరువాత అది డకారమైనది. తమిళుల ఏఴు, కోఴి మనకు ఏడు, కోడి.

తెలుగులో ఒక విశేషము. నామమూ క్రియా ఒకే రూపము. "పండు పండింది" అంటాము. పైరు పండుతుంది, గోరింట పండుతుంది, నోమూ పండుతుంది. బహువచనము పండ్లు, వాడుకలో పళ్ళు. పన్నుకు కూడ బహువచనము పళ్ళే గనుక, పళ్ళతో పళ్ళు తింటున్నాము!

పచ్చడిలోని కాయ కూడ ఉమ్మడి సొత్తే, తమిళములో కాయ్. మలయాళపు మాంగా పోర్చుగీసువారి నోట పడి ఇంగ్లీషు మేంగో ఐనది.

మా వానితో, "వారిదీ ఒప్పే, మనదీ ఒప్పే. ఇద్దరమూ ఒక తల్లి పిల్లలము" అని చెప్పినాము. ఇప్పుడు బడిలో పఴం, ఇంట్లో పండు అంటున్నాడు. నవ్వులకు జడిసి పిల్లలు ఇంటి మాట మానకుండ చూడవలసినది పెద్దలమైన మనమే.