పసుపు ఎర్రబడే వేళ

కార్తీక మాసం. తెల్లవారడానికి ఇంకా కాస్త సమయం ఉంది. మంథనిలో గోదారి ఒడ్డున గౌతమేశ్వరుడి గుడి దగ్గర నిలబడితే ముందుగా కళ్ళకు తగిలేది నీళ్ళు కాదు, పసుపు. చలికి పళ్ళు టకటకలాడుతున్నా ఆడవాళ్ళు మూడు మునకలు వేసి లేచి, తడిచీరలతోనే చెంపలకు పసుపు రాసుకుంటున్నారు. ఒకామె అరటి దొప్పలో వత్తి వెలిగించి నీటి మీద పెట్టింది. దొప్ప వెంటనే కదల్లేదు. ఆమె వంగి, అరచేత్తో నీళ్ళను మెల్లగా నెట్టింది.

ఆ వంగిన క్షణంలో దీపం వెలుగు కింది నుంచి ముఖం మీద పడింది. చామనఛాయ ముఖం. కింది వెలుగుకి ముక్కు కొనదేరింది, కనుబొమ్మలు ఇంకాస్త వంపు తిరిగాయి, నుదుటి మీది బొట్టు రూపాయి బిళ్ళంత అయింది. దొప్ప కదిలిపోయాక వెలుగూ పోయింది, ముఖం మామూలు ముఖమైపోయింది.

ఈ ముఖం నాకు కొత్త కాదు. చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మల్లో ఎన్నోసార్లు చూసిందే.

వైకుంఠం పుట్టింది 1942లో, బూరుగుపల్లిలో. 2016లో జిల్లాలు విడగొట్టాక మంథని పెద్దపల్లి జిల్లాలోకి పోయింది కానీ, ఆయన పుట్టిన నాటికి ఈ రెండు ఊళ్ళూ ఒకే కరీంనగర్ జిల్లా. ఆయన బొమ్మల్లోని ఆడవాళ్ళు ఈనాడు ఢిల్లీ, ముంబై వేలంపాటల దాకా వెళ్ళారు. పెద్ద కొప్పు, పెద్ద బొట్టు, ముక్కుపుడక, ముంజేతి నిండా గాజులు, ఒక్కోసారి వేలి మీద చిలుక. నగరంలో వాటిని చూసేవాళ్ళు చాలామంది అవి చిత్రకారుడు అందం కోసం చేసిన కల్పన అనుకుంటారు. ఈ ఒడ్డున అరగంట నిలబడితే అందులో కల్పన పాలెంతో, చూపు పాలెంతో తెలుస్తుంది.

తెల్లారింది. ఆటోలో ఊళ్ళోకి వచ్చాను. మంథని వేదపండితుల ఊరు. పాత వీధుల్లో ఇంకా అరుగులున్నాయి, ఆ అరుగుల మీద పొద్దుటి ఎండ పడుతోంది. విభూది రేఖలతో, భుజాన ఉత్తరీయంతో ఒక పెద్దాయన చేతిలో రాగిచెంబుతో ఎదురొచ్చారు. ఆయనా వైకుంఠం బొమ్మే. ఆడవాళ్ళ బొమ్మలకు వచ్చినంత పేరు వాటికి రాలేదు గానీ, నామాల పంతుళ్ళనూ భుజాన కండువా వేసిన రైతులనూ ఆయన అంతే ప్రేమగా గీశారు.

ఒక ఇంటి ముందు అవ్వ గడపకు పసుపు పూస్తోంది. ఇత్తడి గిన్నెలో చిక్కగా కలిపిన పసుపు. నాలుగు వేళ్ళూ ముంచి ఎడమ నుంచి కుడికి ఒకే విసురులో లాగుతుంది. వేళ్ళ సందుల చారలు మిగిలితే మళ్ళీ అరచేత్తో సాపు చేస్తుంది. తరువాత కుంకుమ బొట్లు. కొలతబద్ద లేదు, గుర్తు పెట్టుకోవడం లేదు, అయినా బొట్టుకీ బొట్టుకీ ఎడం ఒక్కటే.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా?"

"మీ చెయ్యి చూస్తున్నా అవ్వా."

"చెయ్యిల ఏమున్నది. నువ్వు గా దర్వాజకు ఆనకు, అంగికి అంటుతది."

అప్పటికే అంటింది. మోచేతి దగ్గర అరచేయంత పసుపు మరక.

ఆ ఇంట్లో ఇవాళ హడావుడి ఉంది. మనవరాలు పురుడు పోసుకుని, పసిబిడ్డను ఎత్తుకుని వస్తోంది. అవ్వ పళ్ళెంలో నీళ్ళు పోసి చిటికెడు పసుపు వేసింది. నీళ్ళు పచ్చబడ్డాయి. తమలపాకుల డబ్బాలోంచి గోటికొనతో ఇంత సున్నం తీసి అందులో కలిపింది. సున్నం తగిలినచోట ముందు ఒక నారింజ పోగు సాగింది. వేలితో ఒక్కసారి తిప్పగానే పళ్ళెమంతా రక్తవర్ణం. ఎర్రనీళ్ళు. వాకిట్లో తల్లీబిడ్డలకు దిగదుడిచి వీధిలో పోస్తారు.

పసుపులో ఉన్న కర్కుమిన్ అనే పదార్థానికి సున్నం లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపుకొమ్ములను నిమ్మరసం, వెలిగారం, పటికలతో నానబెట్టి ఆరబెట్టి దంచితే పాతకాలపు కుంకుమ. గడప మీది పసుపూ, దాని మీది ఎరుపూ ఒకే కొమ్ములోంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళన్నమాట. మెట్‌పల్లి వైపు చేలల్లో పండే దుంప ఒక్కటి ఈ ప్రాంతపు ఆడవాళ్ళ నుదురుకీ, చెంపకీ, పాదానికీ, గడపకీ రంగులు ఇచ్చింది. వైకుంఠం తన రంగుల పళ్ళెంలో ఎరుపు, పసుపు, కాషాయం లాంటి అచ్చమైన రంగులనే ఎందుకు ఉంచుకున్నారో, నాలుగు కలిపి చేసిన మిశ్రమ రంగుల మీద ఆయనకు మోజెందుకు లేదో ఈ పళ్ళెం ముందు కూర్చుంటే నాకు అర్థమైనట్టు ఏ పుస్తకం చదివినా కాలేదు.

లోపల దేవుడి గూట్లో ఫ్రేము కట్టిన లక్ష్మీదేవి. తామరపువ్వు, నాలుగు చేతులు, తెల్లని ఒళ్ళు. మన ఇళ్ళల్లో ఈ రూపం అనాదిగా ఉందనుకుంటాం. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి, రాతిముద్రణలో వేల కాపీలు తీసి అమ్మాకే దేవతలు ఇలా ఇంటింటికీ వచ్చారు. దేవాలయంలోకి రానివ్వని కులాల ఇళ్ళకు సైతం దేవుణ్ణి అణాల ధరకు తెచ్చిన ముద్రణ అది, చిన్న పని కాదు. కానీ ఆ తెల్లని దేవికి దండం పెడుతున్న అవ్వ ఒంటి రంగు రేగడి రంగు. ఆ రంగును పటమెక్కించి, గోడ మీద దేవతంత దర్జాగా కూర్చోబెట్టింది వైకుంఠం. నా మటుకు ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే.

పొద్దున దొప్పదీపం వెలుగులో చూసిన ముఖం దగ్గరికి మళ్ళీ వెళ్దాం. ఆ వెలుగు ఎక్కడిది?

పందొమ్మిది వందల నలభైల చివరి రోజులు. తెలంగాణ పల్లెలో ఒక రాత్రి. ఊరి నడుమ నాలుగు గుంజలు పాతి, చీరో దుప్పటో తెరగా కట్టారు. గొంగళ్ళు కప్పుకున్న జనం. ముందు వరసలో నేల మీద పిల్లలు. కాగడా పొగ కళ్ళల్లో మండుతున్నా పిల్లలు కళ్ళు మూసుకోరు. తెర వెనక మద్దెల మోగింది. తెర అంచు మీద ముందు ఒక చెయ్యి కనిపించింది, గాజులతో. తరువాత జడ. తరువాత తెర దిగింది. ముఖానికి అర్దళం పూసి, కళ్ళకు కాటుక చెవుల దాకా లాగి, నుదుట ఇంత బొట్టుతో రాణి నిలబడింది. పొద్దున చేను దున్నిన మనిషే. అందరికీ తెలుసు. అయినా ఆ రాత్రి అతను రాణి.

వైకుంఠం చిన్నప్పుడు కళ్ళార్పకుండా చూసింది ఈ వేషాలనే. ఊరి నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్ళు తనను ఎంతగా పట్టేశారో ఆయనే చెప్పుకున్నారు. తెలుగు స్త్రీ అనగానే లోకం తలచుకునే బొమ్మల వెనక తల్లి ఉంది, ఊరి ఆడవాళ్ళు ఉన్నారు, వాళ్ళతోపాటు చీర కట్టిన మగవాళ్ళూ ఉన్నారు. ఇది తెలిశాక ఆ బొమ్మల్ని మళ్ళీ చూడండి. భుజాలు కొంచెం వెడల్పు, మెడ కొంచెం బలం, చెయ్యి పెట్టిన తీరులో వేదిక మీద నిలబడ్డ ఠీవి. నా కంటికి ఇప్పుడు అవన్నీ తెర దిగిన క్షణంలా కనిపిస్తాయి.

కోస్తాలో సత్యభామ లాంటి ఆడవేషాలతో పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ దాకా వచ్చింది. ఇక్కడ ఉత్తర తెలంగాణలో చిందుల ఎల్లమ్మ దానికి అద్దంలో బొమ్మలా, మగవేషాలు కట్టి చిందు భాగవతం ఆటను ఏలింది. మగవాళ్ళు ఆడవేషం కట్టడం మన దగ్గరే కాదు. జపానులో 1629లో ఆడవాళ్ళను రంగస్థలం ఎక్కకుండా నిషేధించారు. కబుకీ నాటకాల్లో ఆడపాత్రలు మగవాళ్ళ వంతయ్యాయి. షరాకు అనే చిత్రకారుడు 1794లో ఎక్కడినుంచో ఊడిపడి, పది నెలల్లో నూట నలభైకి పైగా అచ్చుబొమ్మలు చేసి మాయమైపోయాడు. ఆడవేషం వేసిన నటుల్ని గీసినప్పుడు రంగు కింది మగ దవడను దాచకుండా గీశాడు. వైకుంఠం అలా విడదీసి చూపించలేదు. వేషాన్నీ మనిషినీ కలిపేశారు.

రంగుల మనిషిగా పేరుపడ్డ ఈయన మొదట ఏళ్ళ తరబడి పని చేసింది బొగ్గుతో. హైదరాబాదులో చిత్రకళ చదివి, 1971లో స్కాలర్‌షిప్పు మీద బరోడా వెళ్ళి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. పల్లెల్లో జనం చేసుకునే కళనూ, బొమ్మలనూ చిత్రకారుడు తలదించుకోకుండా చూడాలని నమ్మిన గురువు ఆయన. అంత దూరం వెళ్ళిన శిష్యుడు చివరికి సొంత ఊరి గడప దగ్గరికే వచ్చారు. హైదరాబాదు బాలభవన్‌లో పిల్లలకు బొమ్మలు నేర్పుతూ బతికిన రోజులున్నాయి. 1988లో బి. నర్సింగరావు 'దాసి' సినిమా తీస్తే, నైజాం కాలపు గడీని అందులో నిలబెట్టి జాతీయ ఉత్తమ కళాదర్శకుడి అవార్డు తెచ్చుకున్నారు. ఆ సినిమాలో దొర గడీలో కొనితెచ్చిన ఆడపిల్ల ఉంటుంది, బొమ్మల్లోని ఈ పసుపు, ఈ ఎరుపు ఉండవు. బొమ్మల్లో తలెత్తుకుని నిలబడ్డ ఆడవాళ్ళను చూసిన ప్రతిసారీ నాకు ఆ గడీ గోడలు వెనక కనిపిస్తాయి.

మధ్యాహ్నం. ఎర్రనీళ్ళు పోసినచోట వీధిలో మట్టి ఎండిపోయింది. అవ్వ గడప వైపు ఎండ తిరిగింది. పొద్దున నిగనిగలాడిన పసుపు అప్పుడే ఒక వన్నె తగ్గింది. పసుపుకి ఎండ గిట్టదు. అందుకే వారం తిరక్కుండా మళ్ళీ పూయాలి.

ఇది మన పసుపు ఒక్కదాని బాధ కాదు. వాన్‌గో 1888లో ఆర్ల్ పట్నంలో తన పడకగదిని గీశాడు. ఆ గోడలు నీలంగా ఉంటాయని లోకమంతటికీ తెలుసు. ఆయన వేసింది ఊదారంగు. నీలంలో కలిపిన ఎరుపు వెలుతురుకి కాలక్రమేణా వెలిసిపోయి నీలం మిగిలింది. కోట్లమంది ఇష్టపడ్డ ఆ నీలిగోడలు సగం వాన్‌గో చేసినవి, సగం వెలుతురు చేసినవి.

"గిప్పుడే పూసినవు, గప్పుడే వెలిసిపాయె గదనే" అంది ఇంట్లోంచి ఒక గొంతు.

"వెలవనీ. శుక్రారం మల్ల పూస్త" అంది అవ్వ.

బసకు వచ్చాక అంగీ మరకకు సబ్బు రుద్దాను. పసుపు మరక నా చేతుల్లోనే ఎర్రబడింది. అవ్వ పళ్ళెంలో చూసిన ఎరుపే. రుద్దడం ఆపి, కాసేపు అలాగే పట్టుకుని చూశాను. నీళ్ళు పోస్తే మళ్ళీ పచ్చబడింది. మేడ మీద తీగకు ఆరేశాను. సాయంత్రం బస్సు వేళకు వెళ్ళి తీసుకుంటే, మోచేతి దగ్గర వెతుక్కుంటే తప్ప కనపడనంత లేత పసుపు మిగిలి ఉంది.