పిల్లల బండి ఎప్పుడు మానాలి? థీమ్ పార్కులు తెచ్చిపెట్టిన ఒక ప్రశ్న

ఈ ఎపిసోడ్లు మొదటినుంచీ చూస్తున్నవాళ్ళకి తెలుసు, మనం రాజుల గురించీ యుద్ధాల గురించీ మాట్లాడినంతగానే ఇంట్లో వాడే మామూలు వస్తువుల గురించి కూడా మాట్లాడుకుంటాం. ఇవాళ్టి వస్తువు స్ట్రోలర్. పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్ళే బండి.

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాల్లో సెలవులకి ఆర్లాండో వెళ్దామనో, అనహైమ్ వెళ్దామనో అనుకోగానే ఒక చర్చ మొదలవుతుంది. పాపకి ఐదేళ్ళు నిండాయి. స్ట్రోలర్ గరాజ్‌లో మూల పడుంది. దాన్ని తీసుకెళ్ళాలా, అక్కర్లేదా? ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ అంటుంది, "ఐదేళ్ళ పిల్లకి బండేమిటే, స్కూల్లో పరుగులు పెడుతోంది కదా!" అల్లుడుగారు నెమ్మదిగా అంటాడు, "అక్కడ పొద్దున్నుంచి రాత్రిదాకా నడవాలి అత్తయ్యగారూ." ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఇద్దరూ రెండు వేరువేరు బండ్ల గురించి మాట్లాడుతున్నారు, అదీ సంగతి. అది అర్థం కావాలంటే మనం కాస్త వెనక్కి వెళ్ళాలి.

పిల్లల బండి చరిత్ర చెప్పేవాళ్ళు మామూలుగా 1733 దగ్గర మొదలుపెడతారు. ఇంగ్లండ్‌లో విలియమ్ కెంట్ అనే వాస్తుశిల్పి, తోటల రూపకర్త, మూడవ డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం గవ్వ ఆకారంలో ఒక చిన్న బండి తయారుచేశాడు. దాన్ని తోసేవాళ్ళు లేరు. మేకనో, పొట్టి గుర్రాన్నో కట్టి లాగించాలి. అంటే అది జమీందారీ ఇంటి ఆటబొమ్మ. నడవలేని పిల్లల కోసం చేసింది కాదు. కాబట్టి "ఈ పిల్లవాడు బండి ఎక్కే వయసు దాటాడా" అని అక్కడ ఎవరూ అడగలేదు. పిల్లవాడికి సరదా ఉన్నన్నాళ్ళూ ఎక్కుతాడు, అంతే.

వందేళ్ళ తర్వాత కథ మారింది. 1840లలో వెనకనుంచి తోసే పిడి వచ్చింది. విక్టోరియా రాణి తన పిల్లల కోసం ఈ బండ్లు కొనడంతో అవి నాగరికతకి గుర్తయిపోయాయి. అప్పుడు వాటిని పెరాంబులేటర్ అన్నారు, తర్వాత ముద్దుగా ప్రామ్ అన్నారు. 1889లో అమెరికాలోని బాల్టిమోర్‌లో విలియమ్ రిచర్డ్‌సన్ అనే నల్లజాతి ఆవిష్కర్త, బిడ్డ ముఖం తల్లివైపుకైనా దారివైపుకైనా తిప్పుకోగలిగే బండికి పేటెంట్ తీసుకున్నాడు. అయితే ఒక్క విషయం గమనించండి. ప్రామ్ ముఖ్యంగా పడుకోబెట్టే బండి. పెద్దది, బరువైనది, ఉయ్యాలకి చక్రాలు పెట్టినట్టుండేది. బిడ్డ బాగా నడవడం మొదలుపెట్టాక దాని పని చాలావరకు అయిపోయినట్టే. అమ్మమ్మ మనసులో ఉన్న బండి ఇదే. నడక రానన్నాళ్ళే బండి, నడక వచ్చాక బండి మానాలి.

ఇంకో కారణం కూడా ఉంది. మన పల్లెల్లో పిల్లలకి చేయించే మూడు చక్రాల చెక్కబండి గుర్తుందా? వడ్రంగి చేసి ఇచ్చేవాడు. ఆ బండిలో పిల్లవాడు కూర్చోడు. దాన్ని పట్టుకుని లేచి నిలబడి, తోసుకుంటూ అడుగులు నేర్చుకుంటాడు. అంటే మన ఇళ్ళల్లో పిల్లల బండి అంటే నడిపించేది. అలాంటి ఇంటినుంచి వచ్చిన పెద్దావిడకి, నడవగల పిల్లని కూర్చోబెట్టి తోసే బండి వింతగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

సరే, మరి అల్లుడుగారి బండి ఎక్కడినుంచి వచ్చింది? దానికి రెండు మూలాలున్నాయి. ఒకటి బండిది, ఒకటి పార్కుది.

బండి సంగతి ముందు చూద్దాం. ఓవెన్ మెక్లారెన్ అనే బ్రిటిష్ విమాన ఇంజనీరు ఉండేవాడు. రెండో ప్రపంచయుద్ధంలో పేరుపడ్డ స్పిట్‌ఫైర్ విమానం చక్రాల అమరిక మీద పనిచేసినవాడు. కూతురు మనవరాలితో విదేశం నుంచి వచ్చినప్పుడు, ఆ పెద్ద బండితో ఆమె పడే అవస్థ చూశాడు. తేలికగా ఉండి మడిచిపెట్టుకునేలా ఎందుకు ఉండకూడదు అనుకుని, అల్యూమినియం గొట్టాలతో గొడుగులా ముడుచుకునే బండి తయారుచేశాడు. బరువు 6 పౌండ్లు, మన లెక్కలో మూడు కిలోలు కూడా లేదు. 1965లో పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు, 1967లో అమ్మకానికి వచ్చింది. దీంతో బండి ఇంటి గుమ్మం దాటి కారు డిక్కీలోకి, విమానంలోకి ఎక్కింది. నడక వచ్చిన పిల్లకి కూడా "ఎందుకైనా మంచిది, పట్టుకెళ్దాం" అనుకోవడం మొదలైంది. మోయడం కష్టమైన రోజుల్లో ఈ ఆలోచనే రాదు కదా.

ఇక పార్కు. ఇక్కడ 1893 షికాగో ప్రపంచ ప్రదర్శన గుర్తుచేసుకోవాలి. స్వామి వివేకానంద ప్రసంగించిన సర్వమత సభ జరిగింది ఈ ప్రదర్శనలో భాగంగానే. 600 ఎకరాలకు పైగా స్థలం, 264 అడుగుల జెయింట్ వీల్. అంత స్థలం నడవలేక పెద్దవాళ్ళే చక్రాల కుర్చీలు అద్దెకి తీసుకునేవాళ్ళు. కాలేజీ కుర్రాళ్ళు వాటిని తోసేవాళ్ళు. మంచి ఆరోగ్యంతో ఉన్న పెద్దమనుషులు దర్జాగా కూర్చుని తోయించుకున్నారు. మరి పిల్లలో? పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక భవనం కట్టారు. అందులో తల్లులు చంటిపిల్లల్ని అప్పజెప్పి వెళ్ళే ఏర్పాటు ఉంది. అంటే ఆనాటి ఆలోచన ప్రకారం అంత దూరం తిరగడం పెద్దవాళ్ళ పని, చిన్నపిల్లలు ఒకచోట ఉంటారు.

ఆ ప్రదర్శన కట్టడానికి పనిచేసిన వడ్రంగుల్లో ఎలియాస్ డిస్నీ ఒకడు. ఆయన కొడుకు వాల్ట్ 1901లో అదే షికాగోలో పుట్టాడు. ఆ వాల్ట్ డిస్నీ తర్వాత తరచూ చెప్పుకున్న సంగతి ఒకటుంది. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో తన ఇద్దరు కూతుళ్ళు రంగులరాట్నం తిరుగుతుంటే, తాను బెంచీమీద కూర్చుని వేరుశెనక్కాయలు తింటూ అనుకున్నాడట, పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలి అని. 1955 జులైలో అనహైమ్‌లో తెరిచిన డిస్నీలాండ్‌కి అదే బీజం అంటారు.

నా దృష్టిలో మన ప్రశ్న పుట్టింది సరిగ్గా ఇక్కడే. రంగులరాట్నం దగ్గర పిల్ల ఆడుకుంటుంది, తండ్రి బెంచీమీద కూర్చుంటాడు. ఇద్దరూ పెద్దగా నడవరు. షికాగోలో పెద్దవాళ్ళు తిరుగుతారు, చంటిపిల్లలు ఒకచోట ఉంటారు. డిస్నీలాండ్ ఆ రెండిటినీ కలిపేసింది. ఇంటిల్లిపాదీ కలిసి, రోజంతా, ఒకే దారిలో తిరగాలి. ఆలోచన గొప్పదే. కానీ దానివల్ల నాలుగేళ్ళ పిల్ల తన చిన్న అడుగులతో నాన్న నడిచినంత దూరమూ నడవాల్సి వచ్చింది. నాన్న ఒక అడుగు వేస్తే పాప రెండు వేయాలి.

పైగా ఆ పార్కు నిర్మాణమే మనల్ని నడిపించేలా ఉంటుంది. గేటు దాటి వీధి మొదట్లో నిలబడితే దూరంగా కోట కనిపిస్తుంది. అక్కడికి వెళ్ళాక ఇంకోవైపు ఇంకో ఆకర్షణ. కళ్ళని లాగి కాళ్ళని నడిపించే ఈ కట్టడాలకి వాల్ట్ డిస్నీ "వీనీ" అని పేరు పెట్టుకున్నాడు, కుక్కకి సాసేజ్ ముక్క చూపించి నడిపించినట్టు అన్నమాట. తిప్పి తిప్పి అలసిపోతారని ఆయనకీ తెలుసు. అందుకే మొదటిరోజు నుంచే రైలు పెట్టాడు, 1959లో మోనోరైల్ వచ్చింది, ఆయన పోయిన మరుసటి ఏడాది 1967లో పీపుల్‌మూవర్ వచ్చింది. మెక్లారెన్ బండి బజారుకొచ్చిందీ ఆ ఏడాదే చూడండి.

1982లో ఫ్లోరిడాలో ఎప్కాట్ తెరిచారు. దాదాపు 300 ఎకరాలు. అందులో దేశదేశాల మంటపాలున్న సరస్సు చుట్టూ ఒక్క చుట్టు తిరిగితేనే 1.2 మైళ్ళు, రెండు కిలోమీటర్లకి కాస్త తక్కువ. అమెరికన్లు ఎప్కాట్ అన్న పేరులోని అక్షరాలకి సరదాగా కొత్త అర్థం చెప్పుకుంటారు, "ఎవ్రీ పర్సన్ కమ్స్ అవుట్ టయర్డ్" అని. లోపలికి వెళ్ళిన ప్రతివాడూ నీరసపడి బయటికొస్తాడు అని. పెద్దవాళ్ళ సంగతే అలా ఉంటే ఐదేళ్ళ పాప మాటేమిటి?

సరే, పిల్ల ఎప్పుడు పెద్దదయినట్టు? ఈ మాట పార్కునే అడిగితే ఒక్కో చోట ఒక్కో సమాధానం వస్తుంది. టిక్కెట్ల కిటికీ దగ్గర మూడేళ్ళు నిండితే టిక్కెట్టు కొనాలి, పదేళ్ళు నిండితే పెద్దవాళ్ళ టిక్కెట్టే. రైడ్ దగ్గర వయసుతో పనిలేదు, ఎత్తు చూస్తారు. కొన్నిటికి 38 అంగుళాలు, కొన్నిటికి 40, ఇంకొన్నిటికి అంతకన్నా ఎక్కువ. 40 అంగుళాలంటే సుమారు నాలుగేళ్ళ పిల్ల ఎత్తు. బండి అద్దెకిచ్చే దగ్గర చూసేది బరువు. డిస్నీ వాళ్ళ సింగిల్ స్ట్రోలర్‌కి పరిమితి 50 పౌండ్లు, అంటే 22 కిలోల పైచిలుకు. సగటు పిల్లలు ఆ బరువుకి చేరేసరికి ఏడేళ్ళు వస్తాయి. అంటే రోలర్ కోస్టర్ ఎక్కేటంత పెద్దదైన పాప, దిగగానే బండిలో కూర్చునేటంత చిన్నదిగా కూడా ఉండొచ్చు. పార్కు దృష్టిలో ఈ రెండిటికీ పేచీ లేదు.

యూరప్ భద్రతా ప్రమాణాల్లోనూ ఇదే కనిపిస్తుంది. అక్కడ పిల్లల బండ్ల ప్రమాణం 15 కిలోల వరకే ఉండేది, అంటే సుమారు మూడున్నర, నాలుగేళ్ళ పిల్లలకి. 2018లో దానికి రెండో భాగం చేర్చారు, 15 నుంచి 22 కిలోల పిల్లల కోసం. పెద్దపిల్లలు కూడా బండ్లలో కూర్చుంటున్నారని ప్రమాణాలు రాసేవాళ్ళే ఒప్పుకున్నట్టయింది.

ఆ మరుసటి ఏడాది వసంతంలో, వారం తేడాతో రెండు విషయాలు జరిగాయి. 2019 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదేళ్ళలోపు పిల్లల గురించి సూచనలు ఇచ్చింది. బండిలోగానీ కుర్చీలోగానీ బెల్టు కట్టి ఒక్కసారిగా గంటకు మించి కూర్చోబెట్టకండి, మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకి కనీసం 180 నిమిషాలు కదులుతూ ఉండాలి అని. మే 1 నుంచి డిస్నీ అమెరికా పార్కుల్లో కొత్త నియమం పెట్టింది. 31 అంగుళాల కన్నా వెడల్పు, 52 అంగుళాల కన్నా పొడవు ఉన్న బండ్లు లోపలికి రాకూడదు, లాగే వ్యాగన్లు అసలే వద్దు అని. ఆ నెలాఖరున కాలిఫోర్నియాలో కొత్త స్టార్ వార్స్ భాగం తెరవబోతున్నారు, జనం విరగబడతారు, దారులు ఇరుకవుతాయి. ఒకరు పిల్ల ఒంటిగురించి ఆలోచించారు, ఒకరు దారి వెడల్పు గురించి ఆలోచించారు. ఇన్నేళ్ళకి బండి మానెయ్యండి అని ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

కాబట్టి నిర్ణయం ఇంటివాళ్ళదే. ఇంత చరిత్ర చూశాక నాకు తోచేది చెబుతాను. పాప వయసెంత అని కాదు, ఆ రోజు ఎంత పొడుగు అని అడగండి. మధ్యాహ్నం హోటల్‌కి వెళ్ళి పడుకుని, సాయంత్రం మళ్ళీ వస్తామంటే ఐదేళ్ళ పిల్ల బండి లేకుండానే హాయిగా తిరుగుతుంది. పొద్దున గేటు తీసినప్పటినుంచి రాత్రి బాణసంచా దాకా ఉంటామంటే ఆరేళ్ళ పిల్లకి కూడా కూర్చునే చోటు కావాలి. ఇంకో సంగతి, రైడ్‌ల క్యూలలోకి మామూలుగా బండిని రానివ్వరు, బయట పెట్టి వెళ్ళాలి. ఎలాగూ క్యూలో నిలబడాల్సిందే. కాబట్టి నడక దానికదే తప్పకుండా దొరుకుతుంది, బండి ఉంటే పిల్ల నడక మానేస్తుందన్న బెంగ అక్కర్లేదు. ఫ్లోరిడా డిస్నీ పార్కుల్లో అద్దెకి తీసుకున్న బండి గేటు దాటి బయటికి రాదు. పార్కింగ్ దాకానో బస్సు దాకానో నిద్రపోయిన పిల్లని మీరే మోసుకోవాలి. ఇది ముందే తెలిసుంటే మడిచే బండి ఇంటినుంచి పట్టుకెళ్ళాలో లేదో తేల్చుకోవచ్చు. పిల్ల "నేను కూర్చోను" అంటే బలవంతం చేయకండి. సంచులు పెట్టుకుని ఖాళీగా తోసుకెళ్ళండి, సాయంత్రం ఆరింటికి తనే వచ్చి ఎక్కుతుంది.

అమ్మమ్మగారికి ఏం చెప్పాలి? తిరనాళ్ళు గుర్తుచేయండి. పొద్దున జాతరకి గంతులేసుకుంటూ వెళ్ళిన ఆరేళ్ళ పిల్లవాడు రాత్రి తిరిగొచ్చేటప్పుడు ఎక్కడుంటాడు? నాన్న భుజంమీద నిద్రపోతూ. ఇంత పెద్దవాణ్ణి ఎత్తుకున్నావేమిటి అని ఊళ్ళో ఎవరూ అడగరు. దూరం పోయి వచ్చాడు, అలసిపోయాడు, అంతే. ఆ భుజం చేసే పనే ఇక్కడ బండి చేస్తోంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆవిడే "ఇక్కడ కుర్చీ ఏమైనా దొరుకుతుందా బాబూ" అని అడిగినా అడగొచ్చు. గేటు దగ్గర చక్రాల కుర్చీలు కూడా అద్దెకిస్తారు, మొహమాటపడకుండా తీసుకోండి.

చివరగా ఒక్క మాట. కొన్నిసార్లు ఎనిమిదేళ్ళ పిల్లవాడు బండిలో కూర్చుని కనిపిస్తాడు. పక్కవాళ్ళు చూసి నవ్వుకుంటారు, కొందరు ఫోటోలు కూడా తీసి ఇంటర్నెట్లో పెట్టారు. ఆ పిల్లవాడికి కండరాల జబ్బో, గుండె జబ్బో, ఆటిజమో ఉండొచ్చు, పైకి కనపడదు. అలాంటి పిల్లల కోసం డిస్నీ పార్కుల్లో బండికి ఒక ట్యాగు కట్టి, దాన్ని చక్రాల కుర్చీగానే లెక్కవేసి క్యూలోకి రానిస్తారు. మనకి ఆ ట్యాగు కనపడకపోవచ్చు. మన పిల్ల బండి మానాలా వద్దా అన్నది మనం తేల్చుకోవచ్చు. ఎదుటివాళ్ళ పిల్లవాడి సంగతి తేల్చడానికి మన దగ్గర కొలత లేదు.

ఇవాళ్టికి ఇంతే. మీ ఇంట్లో బండి ఏ వయసులో మానారో, ఏ ప్రయాణంలో మళ్ళీ బయటికి తీశారో రాయండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో వస్తువుతో కలుద్దాం. నమస్కారం.