రిజిస్టరైన కాగితం, మిగిలిపోయిన హక్కు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఒక దేశంలో ఇల్లు అమ్మి ఇంకో దేశంలో కొని చూడమని మాత్రం అనలేదు. ఆ అవసరం వాళ్ళకి రాలేదు, మనకి వచ్చింది. గుంటూరులో నాన్నగారి ఇల్లు అమ్మి, ఆ డబ్బుతో డాలస్‌లో ఇల్లు కొందామనుకునే కుటుంబానికి రెండుచోట్లా కాగితం రాయించడం, సంతకాలు పెట్టడం ఒకేలా కనిపిస్తాయి. కానీ ఆ కాగితానికి పూచీ ఎవరన్న దగ్గర రెండు దేశాల దారులూ వేరు.

వంద రూపాయలు, ఆపైన విలువచేసే స్థిరాస్తి అమ్మాలంటే రిజిస్టరు దస్తావేజు ఉండాలని మన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అంది. రిజిస్ట్రేషన్ పద్ధతి 1908 చట్టానిది. అయితే సబ్ రిజిస్ట్రారు నమోదు చేసేది దస్తావేజుని. అమ్మేవారి హక్కుని కాదు. లింకు డాక్యుమెంట్లు, ఇ.సి. చూసుకుని మంచిచెడ్డలు తేల్చుకోవలసింది కొనేవారే. 1998లో ఆంధ్రప్రదేశ్ 'కార్డ్' పథకంతో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లకెక్కాయి. ఇ.సి. త్వరగా చేతికొచ్చింది గాని, హక్కుకి పూచీ రాలేదు.

అమెరికాలోనూ కౌంటీ ఆఫీసు డీడ్‌ని నమోదు చేస్తుందే తప్ప పూచీపడదు. పెన్సిల్వేనియాలో వాట్సన్ అనే ఆయన, పాత బాకీల తీర్పులున్న ఆస్తి కొని నష్టపోయాడు. కాగితాలు చూసిపెట్టిన మ్యూర్‌హెడ్ లాయరు సలహా ప్రకారమే నడిచాడు కనుక అతను బాధ్యుడు కాడని 1868లో కోర్టు తేల్చింది. మరి నష్టం ఎవరు భరించాలి? ఆ ప్రశ్నకి జవాబుగా 1876లో ఫిలడెల్ఫియాలో టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీ పుట్టింది. ఇక్కడ ఇల్లు కొన్నప్పుడు క్లోజింగ్ లెక్కల్లో కనిపించే ఆ ప్రీమియం వెనక కథ ఇదే.

ప్రభుత్వమే పూచీపడే మూడో దారి 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ వేసినది. ఆంధ్రప్రదేశ్ 2022లో భూహక్కుల చట్టంతో అటు అడుగువేసి, 2024లో దాన్ని రద్దుచేసుకుంది.

ఈ తేడా మనిళ్ళలో బయటపడేది అక్కచెల్లెళ్ళ వాటా దగ్గర. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, తండ్రి వీలునామా రాయకపోతే ఆయన స్వార్జితంలో కూతురికీ కొడుకుతో సమాన వాటా ఉంది. పిత్రార్జితంలో 1986 ఆంధ్రప్రదేశ్ సవరణ అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి హక్కిచ్చింది. 2005 కేంద్ర సవరణ పెళ్ళి షరతు తీసేసింది. అయినా "చెల్లికి కట్నమిచ్చాం కదా" అనే మాట ఇప్పటికీ వినపడుతుంది. ఆమె సంతకం లేకపోయినా దస్తావేజు రిజిస్టరైపోవచ్చు. ఆమె హక్కు మాత్రం పోదు. ఇక్కడైతే అలాంటి లోపాన్ని టైటిల్ కంపెనీ క్లోజింగ్‌కి ముందే వెతుకుతుంది. అక్కడ అది ఏళ్ళ తర్వాత కోర్టు నోటీసై వస్తుంది.

దూరాన ఉన్నవాళ్ళు పవర్ ఆఫ్ అటార్నీ పంపుతారు. అది అమ్మిపెట్టడానికి అధికారమే గాని అమ్మకం కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇచ్చినవారు పోతే మామూలుగా ఆ అధికారమూ పోతుంది.

అందుకే బేరం కుదిరాక కాదు, ఇల్లు అమ్ముదామనుకున్నప్పుడే తోబుట్టువులందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. అక్కడ ఇల్లు కొనేవారికి ఆ పూచీ ఇచ్చే కంపెనీ దొరకడం అరుదు; ఇవ్వవలసింది కుటుంబమే.